బస్తర్ పొలాల్లో మీథేన్ లెక్క

ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి జగ్దల్‌పూర్‌ను ఆనుకుని పారుతుంది. చిత్రకోట్ దగ్గర జలపాతమై దూకి, పడమరకు సాగి, బీజాపూర్ జిల్లా అంచున గోదావరిలో కలుస్తుంది. తూర్పున శబరి సుక్మా, కుంట మీదుగా దిగి కూనవరం దగ్గర అదే గోదావరిని చేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పీఠభూమి మీద కురిసిన వానలో కొంత చివరికి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరికి వచ్చి కోనసీమ కాలువల్లోకి మళ్లుతుంది.

పైనా కిందా పండేది వరే. తడిపేదీ ఒకే వాన. కానీ బస్తర్‌లో ఆ వాన ఏటవాలు చెలకల మీద పడి, కాసేపు నిలిచి, జారిపోతుంది. డెల్టాలో నాట్ల నుంచి కోతల ముందు దాకా మడిలో నిలిచే ఉంటుంది. ఒక ఎకరం వరిచేను గాలిలోకి ఎంత మీథేన్ వదులుతుందన్నది ప్రధానంగా ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది. భారతీయ వ్యవసాయం భూమిని వేడెక్కిస్తోందన్న మాట అంతర్జాతీయ వేదికల మీద ముప్పై ఏళ్లుగా వినిపిస్తోంది. ఆ మాటలో నిజమెంతో తేలాలంటే దేశం మొత్తానికి ఒకే అంకె వేసి ఊరుకుంటే చాలదు. ఏ నేల, ఎంత నీరు, ఏ మేత అని పొలం దగ్గర మొదలుపెట్టి లెక్కకట్టాలి. అలా కడితే బస్తర్ మనకు నేర్పేది చాలా ఉంది.

బస్తర్ తెలుగువారికి దూరపు సీమ కాదు. ఓరుగల్లు పతనమయ్యాక కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశ చరిత్ర చెబుతుంది. భోపాలపట్నం, కుంట ప్రాంతాల్లో ఇవాళ్టికీ తెలుగు వినిపిస్తుంది. ఒకప్పటి ఉమ్మడి బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. ఇప్పుడది బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాల డివిజన్.

కొద్దికాలం ఉండే గట్టి వాయువు

1776లో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా మాజోరే సరస్సు ఒడ్డున బురదను కలిపి, పైకి వచ్చిన బుడగలను సీసాలో పట్టి మండించి చూశాడు. అదే మీథేన్. ఒక కార్బన్ పరమాణువుకు నాలుగు హైడ్రోజన్ పరమాణువులు అతుక్కున్న చిన్న వాయువు. వంటగదిలో మండితే ఇంధనం. మండకుండా ఆకాశంలోకి చేరితే భూమి నుంచి వెళ్లిపోవలసిన వేడిని పట్టి ఉంచుతుంది.

బొగ్గుపులుసు వాయువుతో పోలిస్తే దీని తీరు వేరు. బొగ్గుపులుసు వాయువులో కొంత భాగం శతాబ్దాల తరబడి గాలిలోనే ఉండిపోతుంది. మీథేన్ సుమారు 12 ఏళ్లలో విచ్ఛిన్నమవుతుంది. ఉన్నంతకాలం మాత్రం చాలా బలంగా పనిచేస్తుంది. పంటల నుంచి, పశువుల నుంచి వచ్చే ఒక టన్ను మీథేన్ వందేళ్ల లెక్కలో దాదాపు 27 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానం. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే 80 టన్నుల దాకా వస్తుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో వంద కోట్ల అణువులకు 730 దాకా మీథేన్ అణువులు ఉండేవి. ఇప్పుడు 1,900 దాటాయి. ఇప్పటివరకు భూమి వేడెక్కినదాంట్లో సుమారు అర డిగ్రీ మీథేన్ వల్లే అని అంతర్జాతీయ వాతావరణ నిపుణుల బృందం అంచనా.

ఆయుష్షు తక్కువ కావడం వల్ల ఒక ముఖ్యమైన ఫలితం ఉంది. పశువుల సంఖ్య, వరి విస్తీర్ణం ఏళ్ల తరబడి ఒకే స్థాయిలో ఉంటే పాత మీథేన్ విచ్ఛిన్నమయ్యేంతే కొత్తది వచ్చి చేరుతుంది. వేడి దాదాపు అక్కడే నిలుస్తుంది, ఏటేటా పెరిగిపోదు. విడుదల పెరిగితే వేడి వెంటనే పెరుగుతుంది, తగ్గితే పదిపదిహేనేళ్లలోనే ఆ మేలు కనిపిస్తుంది. అందువల్ల మీథేన్ విషయంలో ఇవాళ ఎంత అన్నదానితో పాటు కాలక్రమంలో ఎటు పోతోంది అన్నదీ చూడాలి.

మడి కింద జరిగేది

చేనుకు నీరు పెట్టిన కొద్ది రోజులకే మట్టిలోని ప్రాణవాయువు అయిపోతుంది. నీటి పొర దాటి పైనుంచి కొత్త గాలి దిగడం చాలా కష్టం. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువుకు బదులు ఇతర పదార్థాలను వాడుకుంటాయి. మొదట నైట్రేట్, తరవాత మాంగనీస్, ఆపైన ఇనుము, ఆ తరవాత సల్ఫేట్. ఇవన్నీ తరిగాక ఆర్కియా అనే ప్రాచీన సూక్ష్మజీవుల వంతు వస్తుంది. కుళ్లిన వేళ్లు, గడ్డి, పశువుల ఎరువు నుంచి వచ్చే పదార్థాలను అవి మీథేన్‌గా మారుస్తాయి.

పుట్టిన మీథేన్ బయటికి వచ్చే దారి వరి మొక్కే. నీటిలో నిలిచి బతకడానికి వరి తన కాండంలో గాలి గొట్టాలను పెంచుకుంది. పైగాలిని వేళ్లకు చేరవేసే ఆ గొట్టాల గుండానే మీథేన్‌లో అధిక భాగం పైకి వస్తుంది. అదే సమయంలో వేళ్ల చుట్టూ చేరిన ప్రాణవాయువు వల్ల మరో రకం సూక్ష్మజీవులు కొంత మీథేన్‌ను అక్కడికక్కడే తినేస్తాయి. పుట్టినదాంట్లో తినగా మిగిలినదే గాలికి చేరుతుంది.

ఇనుము సంగతి బస్తర్‌కు ప్రత్యేకంగా వర్తిస్తుంది. బైలాడిలా ఇనుప గనులున్న సీమ ఇది. ఇక్కడి నేలల ఎర్రదనం ఐరన్ ఆక్సైడ్లదే. నేలలో ఇలాంటి ఇనుము ఎక్కువగా ఉంటే మీథేన్ జీవులు తమ వంతు కోసం ఎక్కువ రోజులు ఆగాలి. ఈలోగా నీరు ఒక్కసారి ఇంకి నేల ఆరితే ఇనుము మళ్లీ తుప్పుగా మారుతుంది, వరస మొదటికి వస్తుంది. వానకూ వానకూ మధ్య నాలుగు రోజులు ఎండ కాసినా చాలు, మీథేన్ పుట్టుక వెనకపడుతుంది.

మూడు కోట్ల టన్నుల తేడా

1990 ప్రాంతంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కల్లో భారతదేశ వరిచేలు ఏడాదికి 3.78 కోట్ల టన్నుల మీథేన్ వదులుతున్నాయని వచ్చింది. ఆ అంకెకు ఆధారం మన పొలాల్లో చేసిన కొలతలు కావు. యూరప్, అమెరికా చేలల్లో దొరికిన విలువలను మన విస్తీర్ణంతో గుణించారు. ఆ లెక్క నిలిస్తే ప్రపంచ వాతావరణ ఒప్పందాల్లో భారత రైతు ముద్దాయిగా నిలబడాల్సి వచ్చేది.

దీనికి జవాబు కొలతతోనే చెప్పాలని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్త ఏ.పి. మిత్ర సంకల్పించారు. 1991లో దేశంలోని వివిధ వరి ప్రాంతాల్లో మీథేన్ కొలతల ఉద్యమం మొదలైంది. మొక్కల మీద పారదర్శకమైన పెట్టె బోర్లించి, కొంతసేపటికొకసారి లోపలి గాలిని సిరంజితో తీసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌లో మీథేన్ ఎంతుందో చూడటం ఆ పద్ధతి. నీరు నిలిచే చేలు, ఆరుతడి చేలు, వానాధారపు చేలు, మెట్ట వరి, అన్నింటినీ విడివిడిగా కొలిచారు. తేలిన మొత్తం 40 లక్షల టన్నుల దగ్గర ఉంది. అమెరికా అంకెలో దాదాపు తొమ్మిదో వంతు. 1994 సంవత్సరానికి భారత్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన లెక్కలో వరి నుంచి మీథేన్ 40.9 లక్షల టన్నులు.

అదే 1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తరఫున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ మరో ప్రశ్న లేవనెత్తారు. బతుకు కోసం పండించే పేద రైతు చేను నుంచి వచ్చే వాయువునూ, విలాసం కోసం నడిపే కారు పొగనూ ఒకే తక్కెడలో తూయడం న్యాయమా అని వారు అడిగారు. శాస్త్రం కొలతను సరిచేసింది, వారి ప్రశ్న న్యాయాన్ని ముందుకు తెచ్చింది. ఇప్పటికీ ఈ చర్చకు రెండూ అవసరమే.

ఆ కొలతల పరంపరలో మన దేశానికి స్థిరపడిన విలువలు చూస్తే నీటి పాత్ర స్పష్టమవుతుంది. పంటకాలమంతా నీరు నిలిచే చేను హెక్టారుకు సుమారు 162 కిలోల మీథేన్ వదులుతుంది. మధ్యలో ఒక్కసారి ఆరబెడితే 66 కిలోలు. పలుమార్లు ఆరబెడితే 18 కిలోలు. నీరు నిలవని మెట్ట వరిలో దాదాపు సున్నా. రకం మార్చనక్కర్లేదు, ఎరువు మార్చనక్కర్లేదు. నీరు నిలిచే రోజుల లెక్క ఒక్కటి మారితే తొమ్మిది రెట్ల తేడా వస్తోంది.

మర్హాన్, టిక్రా, మాల్, గభార్

బస్తర్ రైతు తన భూమిని నాలుగు మెట్లుగా చూస్తాడు. అన్నిటికన్నా ఎత్తున గరుకు ఇసుకతో ఉండేది మర్హాన్. దాని దిగువన ఇసుక కలిసిన ఎర్రనేల టిక్రా. ఇంకా కిందికి వస్తే కాస్త బంకమన్ను కలిసిన మాల్. వాగు పక్కన, లోయ అడుగున, నీరు చేరే బంకనేల గభార్. ఏటా సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన కురిసే సీమ అయినా సాగునీటి వసతి చాలా తక్కువ. పైమెట్ల మీద వాన నిలవదు. గభార్‌లో మాత్రం నెలల తరబడి నిలుస్తుంది.

ఈ మెట్లను బట్టే పంటలు. మర్హాన్, టిక్రా మీద రాగులు, అరికెలు, సామలు, ఉలవలు, వెర్రినువ్వులు, త్వరగా కోతకొచ్చే మెట్ట వరి. మాల్‌లో మధ్యకాలపు వరి. గభార్‌లో దీర్ఘకాలపు వరి. మీథేన్ దృష్టితో చూస్తే ఒకే ఊరి భూమిలో పైమెట్టున సున్నాకు దగ్గరి విలువలు, అడుగు మెట్టున గట్టి విలువలు కనిపిస్తాయి. ఊరి మొత్తానికి ఒకే సగటు వేస్తే ఈ తేడా అంతా మరుగునపడిపోతుంది.

విత్తే పద్ధతి కూడా లెక్కలోకి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ అంతటా ఉన్న పాత పద్ధతి బియాసీ. తొలకరికి పొడినేలలో విత్తనం వెదజల్లుతారు. నెల, నెలన్నర గడిచి చేలో కాస్త నీరు నిలిచాక, పెరుగుతున్న పైరులోనే తేలికపాటి నాగలి నడుపుతారు. కలుపు అణుగుతుంది, ఒత్తుగా ఉన్న పైరు పలచబడుతుంది, వేళ్లకు గాలి తగులుతుంది. దమ్ము చేసి నాట్లు వేసే పద్ధతిలో మొదటి రోజు నుంచే నేల నీటి కింద ఉంటుంది. బియాసీలో తొలి నెల రోజులూ నేల ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మన తెలంగాణ, ఆంధ్ర రైతులు కూలీల కొరత వల్ల ఇప్పుడు వెదజల్లే సాగు వైపు, డ్రమ్ సీడర్ వైపు మళ్లుతున్నారు. నీటిని, మీథేన్‌ను తగ్గించే మార్గంగా శాస్త్రవేత్తలు దాన్నే సిఫార్సు చేస్తున్నారు. ఆ సూత్రాన్ని ఛత్తీస్‌గఢ్ రైతులు తరతరాలుగా ఆచరిస్తున్నారు.

ఇన్ని మెట్లకు ఇన్ని రకాల విత్తనాలూ ఉన్నాయి. కటక్ వరి పరిశోధన సంస్థకు ఒకప్పుడు డైరెక్టర్‌గా పనిచేసిన ఆర్.హెచ్. రిఛారియా 1970లలో రాయ్‌పూర్ కేంద్రంగా ఊరూరా వెతికించి వేలాది దేశవాళీ వరి రకాలను సేకరించారు. ఆ సంపద మీద నిలిచిన రాయ్‌పూర్ ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇవాళ 23 వేలకు పైగా వరి నమూనాలు ఉన్నాయి. ఎత్తు నేలల మీద తక్కువ రోజుల్లో పండే రకాలు అందులో ఎన్నో. పంట తక్కువ రోజులు చేలో ఉంటే నీరు నిలిచే రోజులూ తగ్గుతాయి. రేపటి తక్కువ మీథేన్ వరి కోసం వెతికేవారు ముందుగా ఈ భాండాగారాన్నే తెరవాలి.

నెమరువేసే పొట్టలో

దేశ వ్యవసాయం విడుదల చేసే మీథేన్‌లో వరి కన్నా పెద్ద వాటా పశువులది. ఆవు, గేదె, మేక, గొర్రె మనం తినలేని గడ్డిని తిని బతుకుతాయి. గడ్డిలోని పీచును విరిచే పని వాటి పొట్ట మొదటి అరలోని సూక్ష్మజీవులది. ఆ పనిలో హైడ్రోజన్ పుడుతుంది. అది పేరుకుపోతే జీర్ణక్రియే ఆగిపోతుంది. అక్కడి ఆర్కియా జీవులు ఆ హైడ్రోజన్‌ను బొగ్గుపులుసు వాయువుతో కలిపి మీథేన్ చేస్తాయి. పశువు దాన్ని ఎక్కువగా త్రేన్పు రూపంలో బయటికి వదులుతుంది. ఇందువల్ల పశువుకే నష్టం. మేతలోని శక్తిలో 2 నుంచి 12 శాతం దాకా ఇలా గాలిలో కలుస్తుంది. మేత ఎంత నాసిరకమైతే నష్టం అంత ఎక్కువ.

ఇక్కడ కూడా ఊరి లెక్క వేరు. ఉత్తర అమెరికా పాడి ఆవుకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చిన విలువ ఏడాదికి 128 కిలోలు. మన దేశవాళీ పాడి ఆవుకు మన శాస్త్రవేత్తలు కట్టిన విలువ 28 కిలోలు, సంకరజాతి ఆవుకు 43, పాడి గేదెకు 50. చిన్న ఒడ్డూపొడుగు, తక్కువ మేత దీనికి కారణం. పాల లీటరుకు లెక్క వేస్తే దేశవాళీ ఆవు వెనకబడుతుంది. ఏ లెక్క సరైనదన్నది ఆ పశువును ఎందుకు పెంచుతున్నామన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

బస్తర్‌లో దానికి జవాబు స్పష్టం. ఇక్కడి గోండు తెగల్లో చాలామంది సంప్రదాయంగా ఆవు పాలు పితకరు. తల్లి పాలు దూడవేనని వారి నమ్మకం. పశువు ఉన్నది నాగలి లాగడానికి, బండికి, ఎరువుకు. లీటరుకు ఇంత మీథేన్ అన్న కొలబద్ద పెట్టి ఈ పశువును తూస్తే అది చేసే పనిలో ఏదీ లెక్కకు రాదు. అదే దుక్కి ట్రాక్టరుతో చేస్తే డీజిలు పొగ ఎక్కడో మరో పద్దులో చేరుతుంది.

దేశం మొత్తాన్ని కాలక్రమంలో చూస్తే చిత్రం ఆసక్తిగా ఉంటుంది. 1951లో ఆవులు, ఎద్దులు 15.5 కోట్లు, గేదెలు 4.3 కోట్లు. 2019 పశుగణనలో ఆవుజాతి 19.2 కోట్లు, గేదెలు దాదాపు 11 కోట్లు. 1950-51లో పాల ఉత్పత్తి 1.7 కోట్ల టన్నులు. 2023-24లో 23.9 కోట్ల టన్నులు. పశువులు ఒకటిన్నర రెట్లు పెరిగితే పాలు పద్నాలుగు రెట్లు పెరిగాయి. నెమరు నుంచి వచ్చే మీథేన్ 1994లో సుమారు 90 లక్షల టన్నులు, 2007లో కోటి టన్నులు. అంటే ఒక్కో లీటరు పాలకు విడుదలయ్యే మీథేన్ గట్టిగా తగ్గింది. మొత్తం మాత్రం తగ్గలేదు. దేశవాళీ పశువులు తగ్గి, ఎక్కువ తినే సంకరజాతి ఆవులు పెరుగుతుండటంతో ముందుముందు కూడా అది దానంతటదే తగ్గదు.

చింతపిక్క పొట్టు

మీథేన్‌ను పశువు పొట్టలోనే తగ్గించే ప్రయత్నాలు ప్రపంచమంతా సాగుతున్నాయి. 3-ఎన్ఓపీ అనే రసాయనాన్ని యూరప్ 2022లో, అమెరికా 2024లో అనుమతించాయి. డెన్మార్క్ 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్ను వేయబోతోంది. రోజూ దాణాతో కలిపి తినిపించాల్సిన ఖరీదైన రసాయనం అడవిలో మేసి వచ్చే బస్తర్ ఎద్దుకు అందదు.

ఇక్కడికి అందేది మరొకటుంది. బెంగళూరులోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ వగరునిచ్చే టానిన్ల మీద చాలా ఏళ్లుగా పరిశోధనలు చేసింది. మితంగా ఇచ్చిన టానిన్లు పొట్టలోని మీథేన్ జీవులను అదుపుచేస్తాయి. చింతపిక్కల పైపొట్టు నుంచి టామరిన్ ప్లస్ అనే దాణా మిశ్రమాన్నీ, ఆ తరవాత హరిత్ ధారా అనే మరో మిశ్రమాన్నీ అక్కడి శాస్త్రవేత్తలు రూపొందించారు. వీటితో మీథేన్ 17 నుంచి 20 శాతం దాకా తగ్గుతుందని సంస్థ చెబుతోంది.

జగ్దల్‌పూర్ చింతపండు మార్కెట్ ఆసియాలోనే అతిపెద్దదిగా పేరుపొందింది. 1999 ప్రాంతంలో దళారుల దోపిడీని అడ్డుకోవడానికి ఇమ్లీ ఆందోళన్ పేరుతో చింతపండు కొనుగోలు చేపట్టిందీ ఇక్కడే. చింతపండు గింజ తీయడం ఊరి ఇళ్లలో పని, ఊరి ఆదాయం. ఆ గింజ పొట్టుకు దాణా విలువ కడితే అడవి పంట నుంచి మరో రాబడి వస్తుంది, పశువు మేతలో పోయే శక్తి కొంత మిగులుతుంది. ముడిసరుకు ఇక్కడే ఉంది, శాస్త్రం సిద్ధంగా ఉంది. రెండింటినీ కలిపే చిన్న పరిశ్రమ కావాలి.

పైమెట్ల మీదికి పాకే వరి

ఇప్పటిదాకా చెప్పిన తక్కువ మీథేన్ వ్యవసాయం అలాగే ఉండిపోతుందన్న హామీ లేదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన 2000-01లో ప్రభుత్వం మద్దతు ధరకు కొన్న ధాన్యం 4.63 లక్షల టన్నులు. 2024-25లో అది 149 లక్షల టన్నులు దాటింది. 2023-24 నుంచి క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున, ఎకరాకు 21 క్వింటాళ్ల దాకా కొంటున్నారు. రైతుకు ఇది నిజమైన ఆసరా. 2012లో సొంత ఆహార భద్రతా చట్టం తెచ్చి, చౌకబియ్యాన్ని పేద ఇళ్లకు చేర్చిన రాష్ట్రం ఇది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని తప్పుపట్టే హక్కు కడుపునిండిన ఎవరికీ లేదు.

అయితే ధర ఒక పంటకే గట్టిగా దొరికితే భూమి ఆ పంట వైపే ఒరుగుతుంది. రాగులు, అరికెలు, సామలు పండే టిక్రా మీద గట్లు వేసి వరి పెట్టడం లాభమనిపిస్తుంది. మడియా పేజ్ అనే రాగి అంబలి తాగే ఇళ్లలో అన్నం వాటా పెరుగుతుంది. 2021లో రాష్ట్రం చిరుధాన్యాల మిషన్ ప్రారంభించి అరికెలు, సామలు క్వింటాలు 3,000 రూపాయలకు కొనడం మొదలుపెట్టింది. మంచి అడుగే. కానీ ఎకరా దిగుబడిలో వరితో ఈ పంటలు పోటీపడలేవు. క్వింటాలు ధర దగ్గరదగ్గరగా ఉన్నా ఎకరా రాబడిలో రైతు నష్టపోతాడు. ఇది బస్తర్ ఒక్కదాని కథ కాదు. ఎత్తిపోతలు, బోర్లు పెరిగాక వరి విస్తరించిన తెలంగాణలోనూ ఇదే లెక్క నడిచింది.

దేశం పద్దు చూస్తే 1994లో మొత్తం హరితగృహ వాయువుల్లో వ్యవసాయం వాటా 28 శాతం. 2007లో 18 శాతానికి దగ్గర. 2020లో 13.72 శాతం. వ్యవసాయం శుభ్రపడటం వల్ల ఈ వాటా తగ్గలేదు. బొగ్గు, పెట్రోలు వాడకం అంతగా పెరిగింది. 2021లో గ్లాస్గో సదస్సులో మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గిస్తామన్న ప్రపంచ ప్రతిజ్ఞ మీద భారత్ సంతకం చేయలేదు. మన మీథేన్ ఎక్కువగా చిన్న రైతు బతుకుతో ముడిపడింది గనక ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకోవచ్చు. సంతకం చేయకపోవడం చేతులు ముడుచుకుని కూర్చోవడానికి కారణం కారాదు. రైతుకు మేలుచేస్తూ మీథేన్ తగ్గించే పనులు చేతికందే దూరంలోనే ఉన్నాయి.

చేతిలో ఉన్న పనులు

మొదటిది నీరు. 2003 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వరి పేరుతో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రచారం చేసిన పద్ధతిలో ముఖ్యమైన పాఠం ఆరుతడే. మడి ఎప్పుడూ మునిగి ఉండాల్సిన అవసరం వరికి లేదు. నీరు పెట్టడం, తీయడం రైతు చేతిలో ఉన్న కాలువల కింద, బోర్ల కింద దీన్ని ముందు అమలు చేయాలి. బస్తర్‌లో గభార్ నేలల్లో మురుగు కాలువలు తీసి మధ్యలో ఒకసారి ఆరబెట్టగలిగినా విడుదల సగానికి పైగా తగ్గుతుంది. ఒక జాగ్రత్త అవసరం. తడిపొడి మారుతున్నప్పుడు యూరియా ఎక్కువ వేస్తే నైట్రస్ ఆక్సైడ్ అనే మరింత గట్టి వాయువు పెరుగుతుంది. ఎరువును విడతలుగా, కొలతగా వేస్తే ఈ చిక్కు తీరుతుంది.

రెండోది పేడ. నీటితో కలిపి గుంటల్లో నిల్వచేసే పాశ్చాత్య డెయిరీల పేడ చాలా మీథేన్ ఇస్తుంది. మన పెంటకుప్ప పొడిగా, గాలి తగిలేలా ఉంటుంది కాబట్టి విడుదల తక్కువ. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు పేడ కొని వర్మీకంపోస్టు చేయించిన పథకం పేడకు ధర ఉంటుందని దేశానికి చూపించింది. పచ్చి పేడను, పచ్చి ఆకును నీరు నిలిచిన మడిలో వేస్తే మీథేన్ జీవులకు విందు. బాగా చివికిన ఎరువు వేస్తే పంటకు బలం, గాలికి మేలు.

మూడోది పంట మీద పెట్టే ధర. టిక్రా మీద రాగులు, అరికెలు నిలబెట్టే రైతుకు ఎకరా లెక్కన ప్రోత్సాహకం ఇవ్వాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ, జగ్దల్‌పూర్‌లోని షహీద్ గుండాధుర్ వ్యవసాయ కళాశాల వంటివి దిగుబడి పెంచే విత్తనం, ఊళ్లోనే దంపే యంత్రం అందిస్తే ఆ ప్రోత్సాహకం క్రమంగా అవసరం లేకుండా పోతుంది.

నాలుగోది పళ్లెం. పండించి, వండి, పారేసిన అన్నం చెత్తగుట్ట అడుగున గాలి అందక కుళ్లి మళ్లీ మీథేన్ అవుతుంది. మడిలో ఒకసారి, గుట్టలో ఒకసారి, ఒకే బియ్యానికి రెండు సార్లు భూమి మూల్యం చెల్లిస్తుంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) సాంకేతికతతో నెలకొల్పిన ప్లాంటు రోజుకు పది టన్నుల చెత్త నుంచి గ్యాస్ తీసి సుమారు 500 యూనిట్ల కరెంటు ఇస్తోంది. వృథాగా పోయే మీథేన్‌ను పట్టి వాడుకుంటే ఎంత ఉపయోగమో అది నిరూపించింది.

ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. బస్తర్‌లో ఎకరాకు మీథేన్ తక్కువే. దిగుబడి కూడా తక్కువ. క్వింటాలు బియ్యానికి లెక్క వేస్తే ఆధిక్యం కొంత కరిగిపోతుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఉంచడం పరిష్కారం కాదు, అక్కడి రైతును పేదరికంలో ఉంచి గాలిని కాపాడమనడం న్యాయమూ కాదు. దిగుబడి పెరగాలి. నేలను నీట ముంచకుండా, పైమెట్ల పంటలను తుడిచేయకుండా పెరగాలి. అది సాధ్యమేనని కొలతలు చెబుతున్నాయి.

వాతావరణ చర్చల్లో భారత్ తన రైతు తరఫున గట్టిగా మాట్లాడాలంటే ఆ రైతు పొలంలో కొలిచిన అంకెలు చేతిలో ఉండాలి. 1991లో మన శాస్త్రవేత్తలు ఆ పని చేశారు గనకే మూడు కోట్ల టన్నులకు పైబడ్డ తప్పు దిద్దుబాటయింది. ఇప్పుడు అదే శ్రద్ధతో మెట్టు మెట్టుకూ, ఊరూరికీ కొలతలు తీయాలి. తక్కువ మీథేన్‌తో పండించే రైతుకు ఆ మేలు విలువను ప్రభుత్వాలు డబ్బు రూపంలో చెల్లించాలి. మనవంతుగా వారంలో కొన్ని పూటలైనా రాగి, అరిక, సామ వండుకుందాం. వండిన అన్నం పారేయకుండా తిందాం. తక్కువ మీథేన్ పంటలకు కొనేవాళ్లు ఉంటేనే వాటిని పండించేవాళ్లు మిగులుతారు.